"మా పన్నులతో వాళ్లకు ఉచితాలా?" అన్న ప్రశ్నకు ఒక ట్రెజరీ ఉద్యోగి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 22 లక్షల జీతం, నెలకు ఇరవై వేలు టీడీఎస్ (జీతం చేతికి రాకముందే కోసే ఆదాయపు పన్ను) కింద కోత. సంక్రాంతికి ప్రకాశం జిల్లాలో మీ ఊరు వెళ్తే పింఛను తీసుకుంటున్న ముసలివాళ్లు, టికెట్ డబ్బులు ఇవ్వకుండా బస్సెక్కుతున్న ఆడవాళ్లు, రేషన్ బియ్యం మోసుకెళ్తున్న కూలీలు కనిపించారు. "వీళ్లెవరూ ఒక్క రూపాయి పన్ను కట్టరు. నేను కట్టిందే వీళ్లకు పోతోంది. ఇదెక్కడి న్యాయం?" అన్నారు. అనర్హులు కూడా తింటున్నారని రెండుసార్లు రాశారు. పేపర్లో ఎన్నిసార్లు చదివినా రెవెన్యూ లోటుకీ ద్రవ్యలోటుకీ తేడా అర్థం కావడం లేదని చివర్లో ఇంకో మాట చేర్చారు.

నేను ఖజానా శాఖలో జూనియర్ అకౌంటెంటుగా చేరి, 33 ఏళ్ల తర్వాత సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరయ్యాను. ప్రభుత్వానికి వచ్చే చలానాలూ, ప్రభుత్వం నుంచి పోయే బిల్లులూ రెండూ మా బల్లమీదుగానే వెళ్లేవి. మీ కోపం నాకు అర్థమవుతుంది. కష్టపడి సంపాదించిన జీతంలోంచి ప్రతి నెలా కోత పడుతుంటే ఎవరికైనా మండుతుంది. కానీ మీ ప్రశ్నలో ఉన్న లెక్క తప్పు. ముందు దాన్ని సరిచేస్తాను.

"ఒక్క రూపాయి పన్ను కట్టరు" అన్న మాట తీసుకుందాం. మీ ఊళ్లో కూలికి వెళ్లే ఆడమనిషి సెల్‌ఫోనుకు 299 రూపాయల రీఛార్జి చేయించుకుందనుకోండి. దాని మీద జీఎస్టీ 18 శాతం. ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి 299ని 118తో భాగించి 18తో హెచ్చవేస్తే 45 రూపాయల 61 పైసలు వస్తుంది. అది పన్ను. మీ ఫోను రీఛార్జిలో మీరు కట్టేదీ అంతే. మీకు అది టీ ఖర్చు, ఆమెకు పూట కూలిలో చెప్పుకోదగ్గ ముక్క. అందుకే ఆర్థికవేత్తలు పన్నుల్ని రెండు రకాలుగా చూస్తారు. సంపాదన మీద నేరుగా పడేది ఒక రకం, మీ ఆదాయపు పన్ను అలాంటిది, అందులో సంపాదన పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. సంపాదనతో నిమిత్తం లేకుండా వస్తువు మీద పడేది రెండో రకం. చూడ్డానికి అందరికీ సమానంగా కనిపిస్తుంది గానీ, ఉన్నవాడి కంటే లేనివాడి జేబునే ఎక్కువ తడుముతుంది. మొదటిది ప్రత్యక్ష పన్ను, రెండోది పరోక్ష పన్ను. పరోక్షం అనడంలోనే ఉంది కిటుకు. కట్టేవాడికి కట్టినట్టు తెలియదు, పన్ను కోసినట్టు కంపెనీ ఇచ్చే పత్రం రాదు, మనం కట్టేవాళ్లం అన్న ధీమా ఉండదు.

మార్కెట్లో బియ్యం కొనేవాళ్లకు ఇంకో విషయం చూపిస్తాను. మీ చిన్నప్పుడు ఇంటికి 25 కిలోల బస్తా వచ్చేది. ఇప్పుడు కొట్లో ఎక్కడ చూసినా 26 కిలోల బస్తాలే. కారణం 2022 జూలై 18న వచ్చిన మార్పు. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలు, అంతకంటే తక్కువ ఉంటే 5 శాతం జీఎస్టీ, 25 దాటితే లేదు. మిల్లర్లు ఒక్క కిలో కలిపారు, పన్ను తప్పింది. బాగానే ఉంది. కానీ ఒకేసారి 26 కిలోలకు డబ్బు పెట్టలేక ఐదు కిలోల ప్యాకెట్ కొనుక్కునే మనిషి మాత్రం ఆ 5 శాతం కడుతున్నాడు. పన్ను చట్టంలో ఒక్క అంకె ఎవరి మీద ఎలా పడుతుందో ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, బిస్కెట్లు లాంటివి 18 నుంచి 5 శాతానికి దిగాయి. 40 రూపాయల సబ్బులో అంతకుముందు ఆరు రూపాయల పైచిలుకు పన్ను ఉండేది. చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని అది.

ఇక మీ డబ్బు సంగతి. మీ టీడీఎస్ మీ ఊరి పింఛను దాకా వస్తుందా? లెక్క వేద్దాం. కొత్త పన్ను విధానంలో 22 లక్షల జీతానికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 21 లక్షల 25 వేలు. 2025-26 శ్లాబుల ప్రకారం దాని మీద పన్ను 2,31,250 రూపాయలు, ఆపైన ఆరోగ్య-విద్యా సెస్సు (ఒక ప్రత్యేక పనికోసం వేసే అదనపు పన్ను) 4 శాతం అంటే 9,250. మొత్తం 2,40,500. ఇది ఢిల్లీకి, కేంద్రం తాలూకు సంచిత నిధికి, అంటే ప్రభుత్వ రాబడి జమయ్యే ప్రధాన ఖాతాకు పోతుంది.

సెస్సులో రాష్ట్రాలకు వాటా లేదు. సంపన్నుల మీద వేసే సర్‌చార్జిలోనూ లేదు. రాజ్యాంగం 270వ అధికరణం వాటిని పంపిణీ నుంచి పక్కన పెట్టింది. మిగతా పన్నులో, కేంద్ర పన్నుల్ని రాష్ట్రాలకు ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి చెప్పిన ప్రకారం, రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం. మీ 2,31,250లో 41 శాతమంటే సుమారు 94,800. అందులో ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. అంటే మీరు ఏడాది పొడుగునా కట్టిన ఆదాయపు పన్నులోంచి ఆంధ్రప్రదేశ్ ఖజానాకు చేరేది సుమారు 3,837 రూపాయలు, తెలంగాణకు సుమారు 1,993.

ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క ముసలమ్మకు ఒక్క నెల పింఛను 4,000. మీ ఏడాది వాటా ఒక నెలకు కూడా చాలదు. కాబట్టి "నా టీడీఎస్‌తో మా ఊరు మొత్తం పింఛన్లు తింటోంది" అన్న బొమ్మ మనసులోంచి తీసేయండి.

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. కేంద్రం దగ్గర మిగిలిన దాంట్లోంచి గ్రాంట్లు వస్తాయి, కేంద్ర పథకాల డబ్బు వస్తుంది, జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చే బియ్యం ఖర్చు కేంద్రానిదే. 2013 నాటి ఆ చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు. అప్పట్లో కిలో 3 రూపాయలు, 2023 జనవరి నుంచి ఉచితం. అదే బియ్యం సేకరించి, నిల్వ చేసి, చేర్చడానికి ప్రభుత్వానికి కిలోకు దాదాపు 40 రూపాయలు అవుతుంది. ఆ తేడానే ఆహార సబ్సిడీ. అందులో మీ పన్ను ఉంది. మీ ఊరి కూలి కట్టిన రీఛార్జి పన్నూ ఉంది.

మరి రాష్ట్రం పింఛన్లు ఎక్కడి నుంచి ఇస్తుంది? రాష్ట్రానికి సొంతంగా వచ్చేవి ప్రధానంగా నాలుగు. జీఎస్టీలో రాష్ట్ర భాగం (ఎస్‌జీఎస్టీ), పెట్రోలు డీజిలు మీద వ్యాట్ అనే అమ్మకపు పన్ను, మద్యం మీద వచ్చేది, రిజిస్ట్రేషన్లు. మా పద్దుల్లో, అంటే రాబడినీ ఖర్చునూ రకాల వారీగా రాసే ఖాతాల్లో, వీటికి అంకెలుంటాయి. ఎస్‌జీఎస్టీ 0006, స్టాంపులు-రిజిస్ట్రేషన్లు 0030, మద్యం మీద ఎక్సైజు 0039. మీరు అమీర్‌పేటలో 400 రూపాయల బిర్యానీ తింటే 20 రూపాయలు జీఎస్టీ. అందులో పది కేంద్రానికి, పది తెలంగాణకు. వస్తువు ఎక్కడ వాడితే ఆ రాష్ట్రానికి పన్ను చేరాలన్నది జీఎస్టీ మూలసూత్రం. మీ జీతంలో నెలకు 200 కోసే వృత్తి పన్నూ తెలంగాణదే. మీ ఊరికి మీ డబ్బు చేరేది ప్రధానంగా మీరు అమ్మకు పంపే సొమ్ము రూపంలో. దాంతో ఆమె చేసే ఖర్చు మీద పడే పన్నులో సగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్తుంది.

పన్నుకూ సంక్షేమానికీ ఉన్న బంధం పుస్తకాల్లో చదివి నాకు అర్థం కాలేదు. నెల్లూరు జిల్లాలో పనిచేస్తున్నప్పుడు కళ్లారా చూశాను. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు ఇందులోనే ఉంది.

1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టారు. పేద ఇళ్లలో ఆ పథకం ఏం చేసిందో ఆ కాలంలో పల్లెలో పెరిగినవాళ్లను అడగండి. సంకటి తిని, అంబలి తాగే ఇళ్లలో రోజూ వరన్నం ఉడికింది. అయితే అదే కాలంలో ప్రభుత్వ ఆదాయానికి సారా పెద్ద దిక్కు. 'వారుణి వాహిని' పేరుతో పాకెట్లలో సారా ఊరూరికీ చేరింది. ఒక చేత్తో బియ్యం, ఇంకో చేత్తో సారా. మగవాడి కూలి సారా కొట్టుకు పోతే, ఆడదాని కూలి రేషన్ షాపుకు వచ్చేది. ఈ లెక్క మా ఆఫీసులో ఎవరం వేయలేదు. నెల్లూరు జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు వేశారు. అక్షరదీపం రాత్రిబడుల్లో కూర్చుని చదువు నేర్చుకుంటూ, తమ ఇంటి డబ్బు ఎటు పోతోందో తేల్చుకుని, 1992లో సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

1994 డిసెంబరులో రామారావు మళ్లీ గెలిచారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. బియ్యం మళ్లీ రెండు రూపాయలకు దిగింది. రెండూ ప్రజలు కోరుకున్నవే, రెండూ నేను సమర్థించినవే. కానీ నా బల్లమీద ఏం జరిగిందో చెప్తాను. రోజూ సాయంత్రం బ్యాంకు నుంచి స్క్రోల్ వచ్చేది. ఆ రోజు ప్రభుత్వ ఖాతాలో జమైన చలానాల జాబితా అది. దాన్ని పద్దుల వారీగా విడదీసి రాయడం నా పని. 0039 కింద పేజీలు నిండేవి. జనవరి తర్వాత ఆ పద్దు కింద పేజీ ఖాళీగా ఉంది. పక్క రిజిస్టర్లో ఖర్చు మాత్రం తగ్గలేదు, పెరిగింది. నాకప్పుడు ముప్ఫై ఏళ్లు కూడా లేవు. ప్రభుత్వానికీ ఖాళీ చెయ్యి ఉంటుందని ఆ పేజీ చూసి మొదటిసారి అర్థమైంది.

తర్వాత జరిగింది చరిత్రే. ముఖ్యమంత్రి మారారు. 1996లో బియ్యం ధర రెండు నుంచి మూడున్నర రూపాయలకు పెరిగింది, కరెంటు చార్జీలు, నీటి తీరువా పెరిగాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. బియ్యం మళ్లీ రెండు రూపాయలకు రావడానికి 2008 దాకా పట్టింది. మద్యం మాత్రం వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది.

దీన్నుంచి మీరు ఒక్కటి గమనించాలి. ఒక మంచి ఖర్చు నిలబడాలంటే దానికి ఆనుకుని ఒక మంచి ఆదాయం ఉండాలి. ఆ రెండోది వెతకడం కష్టం, అందుకే ఎవరూ వెతకరు. పేదవాడి చేతి నుంచి మద్యం మీద రాబట్టిన డబ్బుతోనే పేదవాడి సంక్షేమం నడపడం మన రెండు రాష్ట్రాల్లో నలభై ఏళ్లుగా ఉన్న జబ్బు. మీరు నిలదీయాల్సింది దీన్ని. మీ ఊరి ముసలమ్మను కాదు.

ఇప్పుడు లోటు సంగతి. రెవెన్యూ అంటే తిరిగి ఇవ్వనక్కర్లేని రాబడి. పన్నులు, ఫీజులు, కేంద్ర వాటా ఇందులోకి వస్తాయి. రెవెన్యూ ఖర్చు అంటే ఏటా వచ్చి పోయేది. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు. ఈ ఖర్చు ఆ రాబడిని మించితే ఆ తేడా రెవెన్యూ లోటు. ఇంటి భాషలో చెప్పాలంటే, పచారీ కొట్టు బాకీ తీర్చడానికి అప్పు చేయడం. ద్రవ్యలోటు దీనికంటే విశాలమైనది. రోడ్లు, ప్రాజెక్టులు, భవనాల ఖర్చుతో సహా మొత్తం ఖర్చు తీసుకుని, అందులోంచి అప్పు కాని రాబడులన్నీ తీసేస్తే మిగిలేది ద్రవ్యలోటు. స్థూలంగా, ఆ ఏడాది చేసిన అప్పు. బోరు వేయడానికి చేసిన అప్పూ, కొట్టు బాకీకి చేసిన అప్పూ రెండూ ఇందులో ఉంటాయి. అందుకే ద్రవ్యలోటు ఎంత అని అడిగాక, అందులో రెవెన్యూ లోటు ఎంత అని రెండో ప్రశ్న వేయాలి.

కేంద్ర బడ్జెట్ చూడండి. 2025-26 అంచనాల్లో మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు, ద్రవ్యలోటు 15.69 లక్షల కోట్లు, అందులో రెవెన్యూ లోటు సుమారు 5.24 లక్షల కోట్లు. వడ్డీలకు పోయేది 12.76 లక్షల కోట్లు. కొత్తగా చేసే అప్పులో ఎక్కువ భాగం పాత అప్పుల వడ్డీకి సరిపోతోందన్నమాట. వడ్డీని పక్కన పెట్టి చూసే లోటును ప్రాథమిక లోటు అంటారు, ఇక్కడ అది మూడు లక్షల కోట్ల లోపే. అదే బడ్జెట్‌ను రూపాయి లెక్కలో చెప్తే, వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు, 22 పైసలు ఆదాయపు పన్ను, 18 పైసలు జీఎస్టీ, 17 పైసలు కంపెనీల పన్ను. పోయే రూపాయిలో 22 పైసలు రాష్ట్రాల వాటా, 20 పైసలు వడ్డీ, 8 పైసలు రక్షణ. మీరు అంతగా బాధపడుతున్న ప్రధాన సబ్సిడీలు 6 పైసలు.

ఇంకో చిక్కు ఉంది, పేపర్లు దీన్ని చెప్పవు. బడి భవనం కడితే అది మూలధన వ్యయం, మంచి ఖర్చు అని మెచ్చుకుంటారు. ఆ బడిలో పాఠం చెప్పే పంతులు జీతం రెవెన్యూ ఖర్చు, తగ్గించుకోవాలంటారు. ఆసుపత్రి గోడ ఆస్తి, నర్సు జీతం భారం. లెక్కల పుస్తకానికి అలా విడదీయడం అవసరమే, నేనూ జీవితమంతా అలాగే విడదీశాను. కానీ పిల్లాడికి చదువు చెప్పేది గోడ కాదు కదా. కాబట్టి రెవెన్యూ ఖర్చంతా దండగ అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. పంతుళ్ల ఖాళీలు నింపకుండా రెవెన్యూ లోటు తగ్గించామని చెప్పుకునే ప్రభుత్వం నా దృష్టిలో ఏమీ ఆదా చేయలేదు.

రాష్ట్రాలు ఇష్టమొచ్చినంత అప్పు చేయలేవు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలని 293వ అధికరణం చెబుతుంది. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం దగ్గర సాధారణ హద్దు. ఆ అనుమతితో రిజర్వ్ బ్యాంకు మంగళవారాల్లో వేలం పెడుతుంది, బ్యాంకులు, బీమా సంస్థలు రాష్ట్రాల బాండ్లు కొంటాయి. "ఈ మంగళవారం మరో రెండు వేల కోట్లు" అని మీరు చదివే వార్తలు అవే. అది కాక, నెల మొదట్లో జీతాలకు చాలకపోతే రిజర్వ్ బ్యాంకు దగ్గర చేబదులు తీసుకునే వెసులుబాటు ఉంది, దాన్ని వేస్ అండ్ మీన్స్ అంటారు. అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఎన్నాళ్లు ఉండొచ్చన్న దానికి గడువు ఉంటుంది. ఆ గడువు దగ్గరపడినప్పుడు ట్రెజరీల్లో బిల్లులు ఆగిపోతాయి. కింది స్థాయిలో మాకు కారణం చెప్పేవాళ్లు కాదు, 'ఫ్రీజింగ్' అని ఒక్క మాట వచ్చేది. హాస్టల్ పిల్లల మెస్ బిల్లు టోకెన్ పట్టుకుని వార్డెన్ వారాలు వారాలు తిరిగిన రోజులు నేను మర్చిపోలేను. బడ్జెట్లో డబ్బు కేటాయించడం వేరు, విడుదల చేయడం వేరు, చేతికి అందడం వేరు. మీరు చదివే అంకెలు చాలావరకు మొదటివి.

కొన్నాళ్లు ప్రభుత్వాలు ఇంకో దారి పట్టాయి. కార్పొరేషన్ల పేరుతో అప్పు తెచ్చి, ప్రభుత్వం హామీ ఇచ్చి, చివరికి ప్రభుత్వమే కట్టడం. బడ్జెట్ పుస్తకంలో అది కనపడదు. 2022-23 నుంచి కేంద్రం ఆ అప్పుల్ని కూడా రాష్ట్రాల హద్దులోనే కలిపి లెక్కిస్తోంది. అది సరైన పనే అని నా అభిప్రాయం.

"ఉచితం" అన్న మాట దగ్గరికి వస్తాను. ప్రభుత్వం డబ్బు ఇవ్వడం ఒక్కటే ఖర్చు కాదు, రావలసిన డబ్బు వదిలేయడం కూడా ఖర్చే. ఇల్లు కొనుక్కుని పాత పన్ను విధానంలో గృహరుణం వడ్డీకి 2 లక్షల దాకా మినహాయింపు తీసుకున్న మీ సీనియర్లను అడగండి. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు అది ఏడాదికి 60 వేలకు పైగా లాభం. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ రంగం మొలకగా ఉన్నప్పుడు ఎస్‌టీపీఐ (కేంద్రం పెట్టిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు) కంపెనీలకు ఎగుమతి లాభాల మీద ఆదాయపు పన్ను లేదు, 2011 మార్చి దాకా. నేను దాన్ని తప్పు పట్టడం లేదు, దాని ఫలం మన పిల్లలందరూ తిన్నారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు, ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ఆర్థికమంత్రే చెప్పారు. కంపెనీకి ఇస్తే దాని పేరు ప్రోత్సాహకం, రైతుకు ఇస్తే రాయితీ, ముసలమ్మకు ఇస్తే ఉచితం. ఖజానా దృష్టిలో మూడూ ఒకటే. పేరు మార్చకుండా ఒకే గీటురాయి మీద మూడింటినీ గీసి చూడాలి.

అలా గీసినప్పుడు అన్ని సంక్షేమ పథకాలూ నిలవవు, ఇది నేను దాచను. 2018లో తెలంగాణ రైతుబంధు ఎకరాకు పంటకు 4 వేల చొప్పున మొదలైంది. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లకు ఇచ్చారు, ఎకరాల మీద పరిమితి పెట్టలేదు. భూమి ఉండి హైదరాబాద్‌లో స్థిరపడినవాడికి డబ్బు వచ్చింది. అదే చేలో మడక పట్టిన కౌలురైతుకు రాలేదు. పథకం పేరులో రైతు ఉన్నాడు, లెక్కలో భూమి ఉంది. అంతే తేడా. దీన్ని మీరు విమర్శిస్తే నేను మీ పక్కనే నిలబడతాను.

బస్సు సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి. కండక్టరు ఇచ్చేది జీరో టికెట్, దాని విలువ ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. ఆ చెల్లింపు సక్రమంగా జరిగితే అది సంక్షేమం, జరగకపోతే ఆర్టీసీ నెత్తిన అప్పు. పథకం మంచీ చెడూ ఆ చెల్లింపులోనే ఉంది. మా వీధిలో ఒకమ్మాయి బస్సు చార్జీలకు భయపడి పక్క ఊళ్లో తక్కువ జీతానికి చేసేది, ఇప్పుడు ఒంగోలు వెళ్లి చేస్తోంది. ఆమె సంపాదన పెరిగింది, ఖర్చు పెరిగింది, ఆ ఖర్చు మీద పన్నూ పెరిగింది.

అనర్హులు తింటున్నారన్న మాట మీ ప్రశ్నలో రెండుసార్లు వచ్చింది. ఏ పథకంలోనైనా రెండు తప్పులు జరుగుతాయి. అర్హత లేనివాడికి అందడం ఒకటి, అర్హత ఉన్నవాడికి అందకపోవడం ఇంకొకటి. వడపోత బిగించేకొద్దీ మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. మా ఇంటి వెనక ఒక అవ్వ ఉండేది. ముప్ఫై ఏళ్లు ఇళ్లలో అంట్లు తోమి, బూడిదతో, పీచుతో వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ ఆమె వేలు తీసుకోలేదు. మూడు నెలలు ఆమెను వెంటబెట్టుకుని నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను, రిటైరైన ఆఫీసరుగా నాకు అన్ని దారులూ తెలిసి కూడా. చివరికి కంటిపాప మిషన్ తెచ్చి నమోదు చేశారు. ఆ మూడు నెలల బియ్యం ఆమెకు వెనక్కి రాలేదు. లెక్కల్లో అది 'ఆదా' కింద పడింది. అనర్హుడికి పోయిన బియ్యం మీద పేపర్లో వార్త వస్తుంది, అవ్వకు అందని బియ్యం మీద రాదు. ఏ తప్పు వైపు మొగ్గాలో తేల్చుకోవాల్సి వస్తే, నేను అవ్వ వైపే మొగ్గుతాను.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే ఇది చేయండి. మీ రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో బడ్జెట్ పుస్తకాలు అందరికీ పెడతారు. అందులో 2049 అనే పద్దు తీయండి, అది వడ్డీలు. 2071 ఉద్యోగుల పింఛన్లు, నేను తీసుకునేదీ అందులోదే. 2235 సామాజిక భద్రత. 2202 విద్య. 0039 మద్యం మీద ఎక్సైజు. ఒక్కోదానికి మూడు అంకెలుంటాయి, అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. వాస్తవ ఖర్చు రెండేళ్ల కిందటిది ఉంటుంది, అయినా దాన్నే చూడండి, మిగతా రెండూ కోరికలు. ఐదేళ్లవి ఒక కాగితం మీద రాసుకుని, 2049 ఎంత వేగంగా పెరిగిందో, 2202 ఎంత పెరిగిందో పక్కపక్కన పెట్టి ఇక్కడ రాయండి. మిగతాది ఆ అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.